'దిద్దుబాటు' మీద ఒక వాదన: వ్యాసం రాసిన అనుభవం

ఎంఏ తెలుగులో ఆధునిక కథ పేపర్‌కి మాకు ఒక వ్యాసం ఇచ్చారు. ఒక్క కథ తీసుకోవాలి. దాని మీద మనదైన వాదన ఒకటి పెట్టాలి. ఆ వాదనను కథలోని మాటలతోనే నిలబెట్టాలి. రచయిత పరిచయం, కథా సారాంశం, చివర సందేశం అనే పద్ధతి డిగ్రీతో అయిపోయిందని మేడమ్ మొదటి క్లాసులోనే చెప్పేశారు. నేను గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' తీసుకున్నాను. 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చిన కథ అది. మాది విజయనగరం జిల్లా కాబట్టి గురజాడ అంటే ఇంట్లో మనిషి గురించి మాట్లాడుకున్నట్టే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన కారణం, అది బాగా చిన్న కథ. ఒక రాత్రి, ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి చూడొచ్చు.

కథ గుర్తు లేనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. గోపాలరావు చదువుకున్నవాడు. సానిపాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరతాడు. చప్పుడు కాకుండా వెళ్ళి పడుకుందామనుకుంటాడు కానీ పక్క మీద భార్య కమలిని ఉండదు. నౌకరు రాముణ్ణి పిలుస్తాడు, కోపం పట్టలేక కొడతాడు, వెంటనే జాలిపడతాడు. అప్పుడు ఉత్తరం ఒకటి దొరుకుతుంది: పుట్టింటికి వెళ్ళిపోతున్నాను అని. వెళ్ళి ఎలాగైనా అమ్మగారిని తీసుకురమ్మని బతిమాలి, అక్కడ ఏం చెప్పాలో నేర్పిస్తాడు. రాముడు ఆ మాటల్ని తనకి తోచినట్టు మార్చి అప్పజెప్పేసరికి అయ్యగారికి ఒళ్ళు మండుతుంది. అంతలో మంచం కిందనుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. కమలిని ఎక్కడికీ వెళ్ళలేదు. అక్కడితో కథ అయిపోతుంది.

నేను మొదట రాసిన వాక్యం ఇది: "స్త్రీ విద్య సంసారాన్ని ఎలా చక్కబెడుతుందో గురజాడ 'దిద్దుబాటు'లో చూపించారు." మేడమ్ దాని కింద గీత గీసి, పక్కన ఒక ప్రశ్న రాశారు: "దీన్ని కాదనేవాళ్ళు ఎవరు?"

ఆ ప్రశ్న చాలా రోజులు నా వెంట తిరిగింది. నిజంగానే ఎవరు కాదంటారు? క్లాసులో నలుగురికి వినిపిస్తే నలుగురూ తలూపారు. గోపాలరావు కూడా తలూపుతాడు. స్త్రీ విద్య గొప్పదని కథలో ఆయనే రాముడికి బోధిస్తాడు కదా, పార్వతికి సగం దేహమిచ్చిన శివుణ్ణి, భార్యను బెటర్ హాఫ్ అనే ఇంగ్లీషువాణ్ణి ఉదాహరణ చూపిస్తూ! ఆయన ఒప్పుకునే మాటనే నేను వాదనగా పెడితే, ఆయన్ని చూసి కథ ఎందుకు నవ్వుతోందో నా వ్యాసం ఎప్పటికీ చెప్పలేదు. నా వాక్యానికీ కథకీ మధ్య ఉన్న ఆ దూరమే నాకు దొరికిన మొదటి ఆధారం అని ఇప్పుడు అనిపిస్తుంది.

కొన్నాళ్ళు వేరే దారిలో వెళ్దామా అని చూశాను. తెలుగులో తొలి కథ ఏది అన్న చర్చ మీకు తెలిసే ఉంటుంది. 'దిద్దుబాటు' అని చాలాకాలం చెప్పుకున్నాం. 1902లోనే వచ్చిన భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి'ని ముందు పెట్టాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. ఇందులో వాదన ఉంది, అవతలి పక్షం కూడా ఉంది. అందుకని ఇదే రాస్తానన్నాను. మేడమ్ వద్దనలేదు, ఒక మాట మాత్రం అన్నారు: "అది రాయాలంటే కథ అంటే ఏమిటో నువ్వు ముందు నిర్వచించాలమ్మా. నీ పేజీలన్నీ దానికే సరిపోతాయి. 'దిద్దుబాటు'లో ఒక్క వాక్యం కూడా విప్పి చూపించే చోటు మిగలదు." నిజమే. అది చరిత్ర ప్రశ్న. నాకిచ్చిన పని ఒక కథని చదవడం.

కానీ ఆ వంకన 'ధనత్రయోదశి' మళ్ళీ చదివాను, దాంతో నాకు మేలే జరిగింది. అందులోనూ భర్తని సరైన దారికి తెచ్చేది భార్యే. లేమి వల్ల దొంగతనానికి దిగిన భర్తకి ఎదురు నిలబడి, నోరు తెరిచి, ఇది తప్పు అని చెబుతుంది. ఆ తర్వాత 'దిద్దుబాటు'కి తిరిగొస్తే అంతవరకు కనిపించని సంగతి ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇక్కడ భార్యాభర్తలు ఒక్కసారి కూడా ఎదురెదురుగా మాట్లాడుకోరు.

అప్పుడు కథని జెరాక్స్ తీయించుకుని, ఎవరి మాటలకి వాళ్ళ రంగు వేసుకుంటూ చదివాను. గోపాలరావుకి నీలం, రాముడికి ఆకుపచ్చ, కమలినికి ఎరుపు. చివరికి చూస్తే కాగితాల నిండా నీలం, ఆకుపచ్చ. ఎరుపు ఉత్తరం దగ్గర మాత్రమే ఉంది. స్త్రీ విద్య గురించిన కథ అని అందరం చెప్పుకునే ఈ కథలో, చదువుకున్న స్త్రీ నోటినుంచి ఒక్క మాట కూడా రాదు! ఆమె రాస్తుంది, వింటుంది, నవ్వుతుంది. అంతే. ఇది ఎవరైనా పుస్తకం తీసి సరిచూసుకోగల విషయం. వాదన మొదలవ్వాల్సింది ఇలాంటి చోటునుంచే అని నా నమ్మకం. మన అభిప్రాయం తర్వాత వస్తుంది. కథలో ఇది ఉంది, ఇది లేదు అని వేలు పెట్టి చూపించగలిగింది ముందు రావాలి.

దాని మీద రెండో వాక్యం రాశాను: "కమలినికి మాట ఇవ్వకపోవడం వల్ల 'దిద్దుబాటు' చివరికి మగవాళ్ళ కథగానే మిగిలింది." దీన్ని కాదనేవాళ్ళు ఉన్నారు. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి వినగానే గట్టిగా పట్టుకుంది. "మాట్లాడకపోతే ఏం? రాత్రంతా ఆ ఇద్దరినీ ఆడించింది ఆవిడే కదా. నాటకంలో దర్శకుడు స్టేజి మీదికొచ్చి డైలాగులు చెబుతాడా?" అంది. హాస్టల్ మెస్‌లో చాలాసేపు వాదించుకున్నాం. తను చెప్పింది కొట్టిపారేయడానికి వీల్లేదు. నా వాక్యంలో సగం కథలో ఉంది, మాట లేకపోవడం. మిగతా సగం, మగవాళ్ళ కథ అనడం, నేను తొందరపడి కట్టిన తీర్పు. మాట లేదు కాబట్టి శక్తి లేదు అని ఎలా అంటాం? మౌనం ఇక్కడ ఏం పని చేస్తోందో చూడకుండా తీర్పు ఇవ్వలేం.

ఆమె రాసిన ఒక్క ఉత్తరం ఉంది కాబట్టి దాని దగ్గరే కూర్చున్నాను.

ఈ భాగం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఉత్తరంలో కమలిని ఏం అంటుంది? రాత్రుళ్ళు మీరు ఇంట ఉండడం లేదు. మీటింగులకు వెళ్తున్నానన్నారు, లోకం మేలు కోసం నిద్ర మానుకుంటున్నానన్నారు. నిజం ఏమిటో నా స్నేహితురాళ్ళ వల్ల తెలిసింది. నేను ఇంట్లో ఉండడం వల్లే కదా మీరు అబద్ధాలాడాల్సి వస్తోంది. రోజూ మీ చేత అబద్ధం చెప్పించడం కంటే మీ దారికి అడ్డు లేకుండా వెళ్ళిపోవడమే మీ మేలు కోరే భార్య పని. ఈ రాత్రే కన్నవారింటికి వెళ్తున్నాను, సంతోషించండి. కథంతా మనం మాట్లాడుకునే భాషలో నడుస్తుంటే ఈ ఉత్తరం మాత్రం "సంతసింపుడు" అంటూ గ్రాంథికం నడకలో సాగుతుంది. పతివ్రత రాసిన ఉత్తరం ఎలా ఉంటుందని గోపాలరావు అనుకుంటాడో అచ్చంగా అలాగే ఉంది. 'ప్రియా' ఉండాల్సిన చోట 'అయ్యా' అని ఉండడం చూసే ఆయన సగం చచ్చిపోతాడు.

ఉత్తరం మొత్తం అబద్ధానికి వ్యతిరేకంగా ఉంది. అలాంటి ఉత్తరమే అబద్ధం! ఈ రాత్రి పుట్టింటికి వెళ్తున్నానని రాసిన మనిషి మంచం కింద ఉంది. ఇన్నిసార్లు చదివిన కథలో ఇది కనబడిన క్షణాన నాకు నిజంగా గుండె వేగంగా కొట్టుకుంది. ముందు సంగతులన్నీ దీని చుట్టూ వచ్చి చేరాయి. గోపాలరావు అబద్ధానికి వాడుకున్నది దేన్ని? మీటింగుల్ని, లోకహితాన్ని. అంటే సంస్కరణనే. సాని మేళాలకు వ్యతిరేకంగా వీరేశలింగం గారి తరం గట్టిగా ప్రచారం చేసిన కాలం ఆ కథకి ముందే ఉంది. అలాంటి కాలంలో సానిపాటకి వెళ్ళడానికి సంఘసేవని సాకుగా చెప్పిన భర్త అతను. దానికి జవాబుగా, అతను మెచ్చుకునే చదువుతోనే, అతనికి ఇష్టమైన ఆదర్శ భార్య గొంతుతోనే, కమలిని ఒక కల్పన చేసింది.

మూడో వాక్యం అలా పుట్టింది: "'దిద్దుబాటు'లో గోపాలరావుని దిద్దింది చదువు కాదు, చదువుకున్న భార్య ఆడిన అబద్ధం."

మేడమ్‌కి ఇది నచ్చింది. నచ్చింది కాబట్టే ఇంకా గట్టిగా నిలదీశారు. ఆవిడ అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది: "అబద్ధానికి అబద్ధం అంటున్నావు. అయితే ఇద్దరూ ఒకటేనా?" రెండోది: "దిద్దింది అంటున్నావు. అతను మారాడని కథలో ఎక్కడుంది?"

మొదటి ప్రశ్నకి జవాబు కథ చివరి వాక్యంలో దొరికింది. గోపాలరావు అబద్ధాన్ని వేరేవాళ్ళు బయటపెట్టారు. లేకపోతే అది అలాగే సాగేది. కమలిని తన అబద్ధాన్ని తానే బయటపెట్టుకుంది, అదీ ఆ రాత్రే, నవ్వుతో. ఆమె నవ్వకుండా ఉండి ఉంటే రాముడు ఆమె పుట్టింటికి బయల్దేరేవాడు. ఆ నవ్వు గెలిచిన మనిషి నవ్వు అని అందరం రాస్తాం. అది తన కల్పనకి తానే తెర దించిన నవ్వు కూడా. అతని అబద్ధం దాచుకోవడానికి, ఆమె అబద్ధం వినడానికి. భర్త తన గురించి నిజంగా ఏమనుకుంటున్నాడో ఎదురుగా అడిగితే ఆమెకి తెలిసేది కాదు. ఎదురుగా ఉంటే మళ్ళీ మీటింగు కథే చెప్పేవాడు. ఆమె లేదనుకున్నప్పుడే అతని నోట నిజం వచ్చింది. రంగు పెన్నులతో చూసినప్పుడు నేను గమనించిన మౌనానికి ఇప్పుడు పని దొరికింది. వినాలంటే మాట్లాడకూడదు.

రెండో ప్రశ్నకి జవాబు దొరకలేదు, ఎందుకంటే కథలో లేదు. అతను తనని తాను తిట్టుకుంటాడు, ఇకమీద రాత్రుళ్ళు ఇల్లు కదలనని రాముణ్ణి చెప్పమంటాడు. తెల్లవారకముందే కథ ముగుస్తుంది. మర్నాటి రాత్రి అతను ఎక్కడున్నాడో గురజాడ చెప్పలేదు. అంతే కాదు, పశ్చాత్తాపంలో ఉన్న ఆ మనిషే నౌకర్ని కొట్టాడు, చివర్లో మళ్ళీ అతని మీద విరుచుకుపడ్డాడు. ఇవన్నీ పక్కన పెట్టి "మారాడు" అంటే ఎవరైనా పుస్తకం తెరిచి నన్ను ఆపగలరు. 'దిద్దింది' అన్న క్రియ తీసేసి, 'పరీక్షకు పెట్టింది' అని మార్చాను. ఒక్క క్రియ మారితే వాదన బలహీనపడుతుందేమోనని టెన్షన్ పడ్డాను. నిజానికి బలపడింది. కథలో ఉన్నంతే చెబుతోంది కాబట్టి కదిలించడం కష్టం.

రాముడి సంగతి చెప్పాలి. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు కథని అమ్మకి పైకి చదివి వినిపించాను. రాముడి మాటలు మా ఊళ్ళో పెద్దవాళ్ళ మాటల్లాగే ఉంటాయి, చదువుతుంటే నా గొంతు దానంతటదే ఆ యాసలోకి వెళ్ళిపోయింది. అయ్యగారు నేర్పిన మాటలు వదిలేసి, భార్య అన్నాక యజమాని చెప్పినట్టు వినాలి, లేకపోతే అయ్యగారు కూడా సానమ్మని ఉంచుకుంటారు అనే అర్థంలో రాముడు ఒప్పజెప్పే చోట అమ్మ పడిపడి నవ్వింది. తర్వాత ఒక మాట అంది: "ఆడికి అమ్మగారు మంచం కింద ఉన్నట్టు తెలుసే. తెలిసే అంటన్నాడు."

నాకు ఒళ్ళు జలదరించింది. నిజమే అయితే కథంతా ఇంకో రకంగా ఉంటుంది. నౌకరూ, అమ్మగారూ కలిసి అయ్యగారికి పెట్టిన పరీక్ష అవుతుంది. ఆ రాత్రే మళ్ళీ చదివాను. అనుకూలంగా ఒకటి రెండు చోట్లు కనిపించాయి, కానీ రాముడికి తెలుసు అని తేల్చి చెప్పే వాక్యం దొరకలేదు. మేడమ్‌కి చెబితే, "చాలా మంచి ఊహ. ఆధారం ఉన్నంతమేర వాడుకో, దాని మీద ఇల్లు కట్టకు" అన్నారు. అందుకని ప్రధాన వాదనలో పెట్టలేదు. రాముడికి తెలిసినా తెలియకపోయినా అతని మాటలు చేసే పని ఒకటుంది, దాన్ని తీసుకున్నాను. అయ్యగారి అలంకార భాష రాముడి నోట పడేసరికి పలుచనై, అసలు సంగతి పైకి తేలుతుంది: ఈ ఇంట్లో భర్త ఏం చేసినా భార్య సర్దుకోవాలి. గోపాలరావుకి కోపం రావడానికి కారణం రాముడు తప్పు చెప్పాడని కాదు. తాను నిన్నటిదాకా నడుచుకున్న తీరునే పైకి అనేశాడని. నా వ్యాసంలో అన్నిటికంటే నాకు ఇష్టమైన పేరా ఇదే. అమ్మ నవ్వకపోతే ఆ చోట అంతసేపు ఆగేదాన్ని కాదు.

చివరికి నిలబడిన వాదన ఇది: "'దిద్దుబాటు'లో సంస్కరణ మాటలు భర్త అబద్ధానికి ముసుగవుతాయి. చదువుకున్న భార్య ఒక రాత్రికి సరిపడే కల్పన చేసి, తాను లేనట్టు ఉండి, అతని నిజం వింటుంది. అందుకే ఈ కథలో స్త్రీ విద్య భర్త ఆదర్శాలకి అలంకారంగా కాక, అతని మాటను పరీక్షకు పెట్టే శక్తిగా కనిపిస్తుంది."

ఇది వచ్చాక వ్యాసం రాయడం తేలికైంది. ఏ పేరా ఎక్కడ ఉండాలో వాదనే చెప్పింది. ముసుగు అన్నాను కాబట్టి మీటింగుల సాకు ముందు రావాలి. కల్పన అన్నాను కాబట్టి ఉత్తరం దాని తర్వాత. లేనట్టు ఉండడం అంటే మౌనం. నిజం వినడం అంటే రాముడి ఒప్పజెప్పు, నవ్వు. గురజాడ జీవితం గురించి నేను ఎంతో ప్రేమగా రాసుకున్న రెండు పేజీలకి ఈ వాక్యంలో ఎక్కడా చోటు లేదు, తీసేశాను. 'కన్యాశుల్కం' మీద రాసినదాంట్లో కూడా చాలావరకు పోయింది. సంస్కరణ కబుర్లతో పబ్బం గడుపుకునే మనిషి అనే పోలిక కోసం గిరీశాన్ని ఒక్క వాక్యంలో ఉంచాను. అవతలి వాదనకి విడిగా ఒక పేరా ఇచ్చాను: కమలిని ఎంత తెలివిగా గెలిచినా చివరికి ఉన్నది అదే ఇంట్లో, అదే భర్తతో కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. అది నిజమేనని ఒప్పుకుని, పరీక్ష పెట్టే శక్తి వేరు, బయటికి నడిచే స్వేచ్ఛ వేరు, కథ మొదటిదాని దగ్గరే ఆగిందని రాశాను. ఆ ఒప్పుకోలు వల్ల నా వాదనకి హద్దు ఏర్పడింది, హద్దు ఉన్నందువల్లే ధైర్యంగా చెప్పగలిగాను.

ఒక్క విషయం ఎక్కడ పెట్టాలో తెలియక మిగిలిపోయింది. గోపాలరావు విని వచ్చిన పాట పాడిన ఆమె. కథలో ఆమెకి పేరు లేదు, గొంతు లేదు. భార్య గెలుపుకోసం ఆమె కథ బయటే ఉండిపోయింది. కమలినికి మాట లేకపోవడంలో ఒక పని ఉందని వాదించాను, మరి ఈమెకి మాట లేకపోవడాన్ని ఏమనాలి? మేడమ్ వ్యాసం తిరిగి ఇస్తూ చివరి పేజీలో ఇదే అడిగారు. నా వాదనతో దీనికి జవాబు చెప్పలేను, ఇది ఇంకో వ్యాసం. దానికోసమే ఇప్పుడు 1909 'కన్యాశుల్కం'లో మధురవాణి మాట్లాడే రంగాలన్నీ మళ్ళీ చదువుతున్నాను, ఈసారి ఆమె మాటలకి ఒక రంగు వేసుకుంటూ.